నీళ్ళు తీసినా తగ్గని ఆయాసం

(కర్నూలులో డయాలసిస్ చేయించుకుంటున్నవారికి, వారి కుటుంబ సభ్యులకు ఏర్పాటు చేసిన సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం షిఫ్టులో డయాలసిస్ ఉన్నవాళ్ళు, ఆదోని, ఆలూరు బస్సులు అందుకోవలసినవాళ్ళు నేను మాట్లాడుతుండగానే లేచి వెళ్ళిపోండి. మొహమాటం ఏమీ వద్దు. నా ప్రసంగం పోతే పోయింది, మెషిన్ టైము పోగొట్టుకోకండి.

నేను కిడ్నీ డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టును. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అంకె గురించి, కిడ్నీ మార్పిడి గురించి అడిగితే డాక్టరుగారి వైపే చూపిస్తాను. నా పని కండరాలతో. అందులోనూ ఈ రోజు ఒక్క కండరం గురించే ఎక్కువగా చెప్తాను.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. డయాలసిస్ అయిపోయింది. నీళ్ళన్నీ తీసేశారు. బరువు సరిగ్గా డ్రై వెయిట్‌కి, అంటే ఒంట్లో అదనపు నీళ్ళు లేనప్పుడు ఉండాల్సిన బరువుకి వచ్చింది. అయినా మరుసటి రోజు పొద్దున మేడ మెట్లు ఎక్కుతుంటేనో, బిందె ఎత్తుతుంటేనో గస వచ్చినవాళ్ళు ఎంతమంది? (చాలామంది చేతులెత్తారు.) వీళ్ళలో ఆ సంగతి డాక్టరుగారికి చెప్పినవాళ్ళు? (కొన్ని చేతులు మాత్రమే మిగిలాయి.) ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెబితే వచ్చే జవాబు మీకు కంఠతా వచ్చు కాబట్టి. 'నీళ్ళు ఎక్కువ తాగుంటావు' అంటారు. ఇంట్లో ఆ మాట, వార్డులో ఆ మాట. ఒక దశ దాటాక మనిషికి అసలు నోరు విప్పాలనిపించదు.

ఆ జవాబు తప్పని నేననను. డయాలసిస్ మనిషికి ఆయాసం వస్తే మొట్టమొదట నీళ్ళనే అనుమానించాలి. మూత్రం రాని ఒంట్లో తాగినదంతా నిలుస్తుంది. ముందు కాళ్ళకు దిగుతుంది, తర్వాత ఊపిరితిత్తుల్లోకి, వాటి చుట్టూ ఉండే పొరల్లోకి చేరుతుంది. పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, లేచి కూర్చుంటే కాస్త తెరిపిన పడటం, దగ్గితే నురగ రావడం కనిపిస్తే వ్యాయామం మాటే ఎత్తకూడదు, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పోవాలి. మన కర్నూలు ఎండల్లో దప్పిక ఆపుకోవడం ఎంత కష్టమో నాకూ తెలుసు. రంజాన్ నెలలో ఇఫ్తార్ దగ్గర ఒక్కసారిగా గ్లాసుల మీద గ్లాసులు తాగి, మరుసటి డయాలసిస్‌కి నాలుగు కిలోలు పెరిగి వచ్చేవాళ్ళుంటారు. ఉగ్గాని బజ్జి తిని, పైన ఊరమిరపకాయ నంజుకుని, 'నేను నీళ్ళే తాగలేదు మేడమ్' అనేవాళ్ళూ ఉంటారు. (నవ్వులు) ఉప్పు తిన్నాక దప్పిక ఊరుకోదు కదా.

నీళ్ళ తర్వాత రక్తం చూడాలి. హీమోగ్లోబిన్ ఏడుకు, ఎనిమిదికి దిగిపోతే ఎంత గాలి పీల్చినా దాన్ని మోసుకెళ్ళే సరుకు ఉండదు. దాన్ని 10, 11 దగ్గర నిలబెట్టడానికే రక్తం పెంచే ఇంజక్షన్లు, ఐరన్ ఇస్తుంటారు. ఆ తర్వాత గుండె. ఎకో పరీక్ష చేయించుకుని ఎన్నాళ్ళయిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఈ మూడూ చూశారు, మూడూ సరిగ్గానే ఉన్నాయి, ఆయాసం మాత్రం పోలేదు. అప్పుడు నా దగ్గరికి రావాలి. చాలామంది అప్పుడు కూడా రారు, ఎందుకంటే నాలాంటివాళ్ళు డయాలసిస్ వార్డుల్లో పెద్దగా కనిపించరు. డాక్టరు ఉంటారు, టెక్నీషియన్ ఉంటారు, నర్సు ఉంటారు. మోకాలి ఆపరేషన్ వార్డుకు ఫిజియోథెరపిస్టును పిలుస్తారు, పక్షవాతం వార్డుకు పిలుస్తారు. డయాలసిస్ వార్డుకు పిలవాలని ఇంకా ఎవరికీ తోచలేదు. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను.

సరే, కండరం దగ్గరికి వద్దాం. ఒక చెయ్యి పొట్ట మీద, బొడ్డుకు కొంచెం పైన పెట్టుకోండి. ఇంకో చెయ్యి ఛాతీ మీద. మామూలుగా ఊపిరి తీసుకోండి. ఏ చెయ్యి ముందు లేచింది? పొట్ట మీద చెయ్యి లేచిందా, మంచిది. ఆ లేపింది డయాఫ్రమ్. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే పలచటి కండరం. అది బిగుసుకుని కిందికి దిగితే పైన ఖాళీ పెరిగి గాలి లోపలికి వస్తుంది. వదులైతే పైకి పోతుంది, గాలి బయటికి పోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఊపిరి తీసే పనిలో ఎక్కువ భాగం దానిదే. రోజుకు సుమారు 20 వేల సార్లు ఆ పని చేస్తుంది. మనం నిద్రపోయినా అది నిద్రపోదు.

ఛాతీ మీద చెయ్యే ఎక్కువగా లేచినవాళ్ళు, మెడ నరాలు, భుజాలు కూడా పైకి లేస్తున్నట్టు అనిపించినవాళ్ళు కొంచెం జాగ్రత్తగా వినండి. డయాఫ్రమ్ అలిసిపోయినప్పుడు పక్కటెముకల మధ్య కండరాలు, మెడ కండరాలు సాయానికి వస్తాయి. మన పెద్దవాళ్ళు 'వాడు డొక్కలెగరేస్తున్నాడురా' అంటారే, వాళ్ళు చూసింది ఇదే. పరుగెత్తినప్పుడు ఆ సాయం అందరికీ కావాలి. కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు కూడా కావాల్సి వస్తోందంటే అసలు కండరం చేవ తగ్గిందన్నమాట.

కిడ్నీ పోతే ఊపిరి కండరం ఎందుకు బలహీనపడుతుంది? ఇది వినడానికి వింతగా ఉంటుంది. కిడ్నీ ఎక్కడో నడుము దగ్గర, ఊపిరి ఎక్కడో పైన అనుకుంటాం. కానీ ఆ రెండూ కలిసి చేసే పని ఒకటుంది, ఒంట్లో ఆమ్లం పేరుకోకుండా చూడటం. మనం తిన్న తిండి నుంచి రోజూ ఆమ్లం తయారవుతుంది. కిడ్నీ దాన్ని మూత్రంలో పంపేస్తుంది. కిడ్నీ చేతులెత్తేస్తే ఆ భారం ఊపిరితిత్తుల మీద పడుతుంది. అవి ఎక్కువ గాలి వదిలి, బొగ్గుపులుసు వాయువును బయటికి తోసి, రక్తాన్ని దారిలో పెట్టాలని చూస్తాయి. అంటే డయాఫ్రమ్ మామూలు మనిషిలో కంటే ఎక్కువ పని చేయాలి. అదే ఆమ్లం ఇంకోపక్క కండరాల్లోని మాంసకృత్తులను కరిగిస్తుంది. పని పెరుగుతుంది, పని చేసేవాడికి తిండి తగ్గుతుంది. రెండు డయాలసిస్‌ల మధ్య విరామం ఎక్కువగా ఉన్నప్పుడు, అంటే మీలో చాలామందికి ఆదివారం దాటి సోమవారం వచ్చేసరికి, ఒళ్ళు అంత నీరసంగా ఉండటానికి నీళ్ళతో పాటు ఇదీ ఒక కారణం.

మిగతా కారణాలు గబగబా చెప్పేస్తాను. రక్తంలో పేరుకున్న మలినాలే కండరానికి పడవు. విటమిన్ డి తగ్గుతుంది. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథి అదుపు తప్పుతుంది. ఒంట్లో ఎప్పుడూ సన్నటి వాపు గుణం ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళకు దాని దెబ్బ వేరే. వీటన్నిటికీ మించి, కదలిక ఉండదు. వారానికి మూడు రోజులు నాలుగేసి గంటలు కుర్చీలో, వచ్చాక నీరసంతో మంచం మీద, మరుసటి రోజు 'నిన్ననే డయాలసిస్ అయింది, పడుకోనీ' అని ఇంట్లోవాళ్ళ ప్రేమ. ఆ ప్రేమను నేను కాదనను, అది కండరాన్ని తినేస్తుందని మాత్రం చెప్తాను. కాళ్ళ కండరాలు సన్నబడితే పంచె కట్టుకునేటప్పుడు, చీర మార్చుకునేటప్పుడు కనిపిస్తుంది. డయాఫ్రమ్ సన్నబడితే కనిపించదు. ఎక్స్‌రేలో కూడా దాని బలం తెలియదు.

మరి తెలిసేదెట్లా? కొలవాలి. చిన్న మీటరు ఉంటుంది, దానికో గొట్టం. ముక్కు మూసి, ఊపిరి మొత్తం వదిలేసి, ఆ గొట్టం నోట్లో పెట్టుకుని ఎంత బలంగా లాగగలరో అంత బలంగా లోపలికి లాగాలి. గాలి రాదు, ఎందుకంటే అవతల మూసి ఉంటుంది. మీరు లాగిన లాగుడు మీటరు మీద అంకెగా కనిపిస్తుంది. దాన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడిగా చెప్తారు. ఆరోగ్యంగా ఉన్న నడివయసు మగవాళ్ళలో అది సుమారు 100 ఉంటుంది, ఆడవాళ్ళలో 70, 80. వయసుతో తగ్గుతుంది. 80 దాటి లాగగలిగితే బలహీనత ఉందని అనుకోనక్కర్లేదు. యాభైలోనో నలభైలోనో ఆగిపోతే మీ ఆయాసానికి ఒక కారణం చేతికి దొరికినట్టే. ఈ పరీక్షకు సూది లేదు, రక్తం తీయరు, ఐదు నిమిషాల పని. ఒక్కసారి లాగి వదిలేయకూడదు, నాలుగైదు సార్లు లాగి అందులో ఎక్కువ వచ్చిన అంకె తీసుకోవాలి. మొదటిసారి ఎవరికీ సరిగ్గా రాదు.

బలహీనత ఉందని తేలింది. ఇప్పుడు ఆ కండరానికి వ్యాయామం కావాలి. ఇక్కడే పెద్ద గందరగోళం ఉంది. మీ ఇళ్ళల్లో చాలామంది దగ్గర మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. కోవిడ్ సమయంలో కొన్నదో, ఏదో ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఇచ్చిందో. 600, 900, 1200 అని అంకెలుంటాయి దాని మీద. కొందరు దాన్ని ఊదుతుంటారు కూడా, అది ఊదేది కాదు, పీల్చేది. పీల్చినా సరే, అది చెప్పేది మీరు గాలిని ఎంత వేగంగా లాగుతున్నారనే. మూసుకుపోయిన ఊపిరితిత్తి మూలలను తెరిపించడానికి అది మంచిదే. కండరానికి బరువు మాత్రం పెట్టదు. పిల్లల చేత ఊదించినట్టు బెలూన్లు ఊదమని చెప్పేవాళ్ళున్నారు. అది ఊపిరి వదిలే కండరాల పని. మనకు కావలసింది ఊపిరి తీసే కండరం.

దీనికి వేరే పరికరం ఉంది. అరచేతిలో పట్టేంత గొట్టం, లోపల స్ప్రింగుతో ఒక మూత. స్ప్రింగును బిగించి 'ఇంత లాగుడు వస్తేనే తెరుచుకో' అని పెట్టుకోవచ్చు. ఆ లెక్క అందేదాకా లోపలికి గాలి రాదు, అందగానే మూత తెరుచుకుని గాలి వస్తుంది. ఊళ్ళో పాత బోరింగు కొట్టినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. పైపైన పిడి ఆడిస్తే చప్పుడే కానీ నీళ్ళు రావు, ఒంటి బరువు వేసి కొడితేనే ధార. గాలి వదిలేటప్పుడు మాత్రం ఏ అడ్డూ ఉండదు, మామూలుగా పోతుంది. స్ప్రింగు బదులు చిన్నా పెద్దా రంధ్రాలున్న రకం కూడా దొరుకుతుంది. అందులో ఒక తిరకాసు ఉంది. నిదానంగా పీలిస్తే బరువే ఉండదు, మనిషి తనకు తెలియకుండానే తనను తాను మోసం చేసుకుంటాడు. అందుకే నేను స్ప్రింగు రకమే కావాలంటాను. మూడు బంతుల డబ్బా కంటే ఖరీదు ఎక్కువ, ఒప్పుకుంటాను. అయినా ఒకసారి కొంటే చాలాకాలం వస్తుంది.

ఎంత బరువు పెట్టాలనేది మీ మీటరు అంకెను బట్టి ఉంటుంది. ఒకరికి 60 వచ్చిందనుకోండి. మొదట్లో అందులో 30 శాతం, అంటే 18 దగ్గర పెడతాం. కష్టంగా ఉండాలి కానీ ప్రాణం మీదికి వచ్చినట్టు ఉండకూడదు. సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమంటే మీరు నాలుగో ఐదో వేయాలి. రెండు వేస్తే స్ప్రింగు బిగిస్తాం, ఎనిమిది వేస్తే వదులు చేస్తాం. వారానికో, రెండు వారాలకో మళ్ళీ కొలిచి, అలవాటును బట్టి 40, 50 శాతం దాకా తీసుకుపోతాం. ఇట్లా పెంచకుండా మొదటి రోజు పెట్టిన చోటే రెండు నెలలు ఉంచేస్తే అది వ్యాయామం అనిపించుకోదు.

చేసే పద్ధతి చూడండి. (పరికరం పట్టుకుని చూపించారు.) వీపు ఆనించి నిటారుగా కూర్చోవాలి. డయాలసిస్ కుర్చీలో అయితే తలవైపు బాగా ఎత్తించుకోండి. ముక్కుకు క్లిప్పు. పెదాలు గొట్టం చుట్టూ బిగించాలి, పక్కల నుంచి గాలి పోకూడదు. పళ్ళసెట్టు వదులుగా ఉన్నవాళ్ళకు ఇది కొంచెం ఇబ్బంది. ఊపిరి బాగా వదలండి. ఇప్పుడు ఒక్క ఊపున, బలంగా లోపలికి. పొట్ట ముందుకు రావాలి, భుజాలు పైకి లేవకూడదు. వదిలేటప్పుడు తొందరపడకండి. ఇట్లా 15 సార్లు, ఒక నిమిషం విశ్రాంతి, మళ్ళీ 15, మళ్ళీ విశ్రాంతి, మళ్ళీ 15. మొత్తం పావుగంట కూడా పట్టదు. తల తిరిగినట్టుంటే మీరు గబగబా లాగుతున్నారని అర్థం. ఆపి, మామూలు ఊపిరి తీసుకుని, నిదానంగా మళ్ళీ మొదలుపెట్టండి.

ఎప్పుడు చేయాలి అంటే, నేను డయాలసిస్ జరుగుతున్నప్పుడే చేయమంటాను. ఇంట్లో చేస్తామని పరికరం తీసుకుపోయినవాళ్ళ పరికరాలు బీరువాలో పడుకుంటాయి. (నవ్వులు) డయాలసిస్ కుర్చీలో మీకు ఏడాదికి, వారానికి మూడుసార్లయితే, 600 గంటలు దాటిపోతున్నాయి. ఒక చెయ్యి కదపకూడదు, లేచి నడవకూడదు. చాలా వ్యాయామాలకు అది అడ్డం. ఊపిరి వ్యాయామానికి ఖాళీగా ఉన్న ఒక చెయ్యి, నోరు చాలు. పక్కనే బీపీ చూసేవాళ్ళుంటారు. అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? మొదటి రెండు గంటల్లోనే ముగించాలి. నీళ్ళు పోయేకొద్దీ బీపీ పడే అవకాశం చివరి గంటల్లో ఎక్కువ. ముందు బీపీ చూపించుకోండి. మధ్యలో ఆవులింతలు, చెమటలు, కళ్ళు బైర్లు కమ్మడం, ఛాతీలో పట్టేసినట్టుండటం, కాళ్ళు పట్టేయడం ఏది కనిపించినా వెంటనే ఆపి టెక్నీషియన్‌ను పిలవాలి. 'ఇంకో ఐదే కదా' అనకూడదు. భోజనం చేసిన వెంటనే కూడా చేయొద్దు.

మెడలో క్యాథెటర్, అంటే డయాలసిస్ కోసం రక్తనాళంలోకి వేసిన పైపు ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. పైపులు మెషిన్‌కి తగిలించేటప్పుడు, విప్పేటప్పుడు ఈ వ్యాయామం దగ్గరికి పోవద్దు. ఆ సమయంలో పైపు నోరు తెరిచి ఉండగా బలంగా ఊపిరి లాగితే గాలి రక్తనాళంలోకి పోయే ప్రమాదం ఉంది. అంతా బిగించి, మెషిన్ నడుస్తుండగానే చేయాలి.

మరి దీనివల్ల ఏం ఒరుగుతుంది? ఉన్నదున్నట్టు చెప్తాను. దీని మీద పరిశోధనలు ఎక్కువగా బ్రెజిల్‌లో జరిగాయి. అక్కడ డయాలసిస్ వార్డుల్లో ఫిజియోథెరపిస్టులు పనిచేసే అలవాటు మనకంటే ముందుంది. చాలావరకు చిన్న పరిశోధనలు, ముప్ఫై నలభై మందితో, రెండు మూడు నెలలు. 2018లో అచ్చయిన ఒకదాన్లో 37 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఊపిరి వ్యాయామం, ఒక గుంపుకు కాళ్ళతో సైకిలు తొక్కేలాంటి ఒళ్ళు వ్యాయామం, మూడో గుంపుకు రెండూ. ఎనిమిది వారాల తర్వాత మూడు గుంపులూ మెరుగయ్యాయి. నాకు ఇందులో నచ్చిన సంగతేమిటంటే, కాళ్ళు కదపలేనివాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు, షుగరు పుండుతో పాదం కింద పెట్టలేనివాళ్ళు ఇంక వ్యాయామానికి పనికిరారు అని వదిలేయనక్కర్లేదు. వాళ్ళకూ ఒక దారి ఉంది.

మొత్తం మీద చూస్తే ఊపిరి తీసే బలం పెరుగుతుందన్నది బాగానే తేలింది. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్న పరీక్షలో కూడా చాలామంది ముందుకంటే ఎక్కువ నడుస్తారు. ఆయుష్షు పెరుగుతుందని, ఆసుపత్రిలో చేరడాలు తగ్గుతాయని మాత్రం ఎవరూ నిరూపించలేదు. అట్లా చెప్పి పరికరం అమ్మేవాళ్ళుంటే నమ్మకండి. క్రియాటినిన్ తగ్గదు. డయాలసిస్ ఒక్క సిట్టింగు కూడా తగ్గదు. కిడ్నీ మళ్ళీ పనిచేయదు. మెట్ల మీద ఆగకుండా పోగలగడం, మాట్లాడుతూ నడవగలగడం, మనవడిని ఎత్తుకోగలగడం, ఇంతవరకే నేను మాటివ్వగలను. అది కూడా వదలకుండా చేస్తేనే. మానేస్తే కొన్ని నెలల్లో వచ్చిన బలం పోతుంది.

కొందరు అసలు చేయకూడదు, లేదా డాక్టరు ఒప్పుకున్నాకే చేయాలి. ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, కూర్చున్నప్పుడు కూడా ఛాతీనొప్పి వచ్చేవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు. ఊపిరితిత్తి చుట్టూ నీరు ఎక్కువగా చేరినవాళ్ళు, ఎప్పుడైనా ఊపిరితిత్తి పగిలి గాలి చేరిందని గొట్టం వేయించుకున్నవాళ్ళు. పక్కటెముక విరిగినవాళ్ళు. చెవి కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు. షుగరు వల్ల కంటి వెనక రక్తం కారుతోందని లేజర్ చేయించుకుంటున్నవాళ్ళు, ఇటీవల కంటి ఆపరేషన్ అయినవాళ్ళు. టీబీ మందులు వాడుతున్నవాళ్ళు, జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళు తగ్గేదాకా ఆగాలి. షుగరుతో కిడ్నీలు పోయినవాళ్ళు మీలో ఎక్కువమంది కాబట్టి కంటి సంగతి మళ్ళీ చెప్తున్నాను, ముందు కంటి డాక్టరుకు చూపించుకోండి.

ఇంకొక్కటి, తిండి. ఇది డైటీషియన్ చెప్పాల్సింది, కానీ కండరం అన్నాక చెప్పక తప్పదు. డయాలసిస్ మొదలవ్వక ముందు డాక్టరుగారు పప్పు తగ్గించు, మాంసం తగ్గించు అన్నారు. ఆ మాట అప్పటికి సరైనదే. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రతి సిట్టింగులో కొన్ని గ్రాముల మాంసకృత్తుల సరుకు మెషిన్‌లో కొట్టుకుపోతుంది. అందుకే ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి. 60 కిలోల మనిషికి 60, 70 గ్రాములు. కానీ మన ఇళ్ళల్లో మూడేళ్ళ కిందటి పథ్యమే ఇంకా నడుస్తుంటుంది. ఇంత అన్నం, ఇంత పలచటి చారు, అంతే. ఆ తిండితో స్ప్రింగు ఎంత బిగించినా కండరం రాదు. కోడిగుడ్డు తెల్లసొన అందరికంటే సులువు. ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల మాంసకృత్తులుంటాయి, భాస్వరం చాలా తక్కువ. గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు పప్పు, పాలు, పనీర్ ఏ మోతాదులో తినాలో మీ పొటాషియం, భాస్వరం రిపోర్టు పట్టుకెళ్ళి అడగండి. పక్క కుర్చీ ఆయన్ను అడక్కండి. (నవ్వులు)

ఇంక మీరు అడగండి.

(సభలో ఒక యువకుడు: మేడమ్, మా నాయన పత్తికొండ నుంచి వస్తాడు. రాత్రిపూట పండుకోనీకి కాదు, దిండ్లు మూడు పెట్టుకుంటాడు. ఈ గొట్టం తీసుకోమంటారా?)

వద్దు నాయనా, ఇప్పుడు వద్దు. మూడు దిండ్లు కావాల్సి వస్తోందంటే అది కండరం సంగతి కాకపోవచ్చు, నీళ్ళో గుండో. రేపటి డయాలసిస్‌లో డ్రై వెయిట్ మళ్ళీ చూడమని డాక్టరుగారితో చెప్పు. ఒళ్ళు చిక్కిపోయినవాళ్ళలో ఒక మోసం జరుగుతుంది. కండ తగ్గి, ఆ చోట నీళ్ళు చేరినా కాటా మీద బరువు అంతే చూపిస్తుంది. 'బరువు సరిగ్గానే ఉంది' అనుకుంటాం. ఎకో కూడా చేయించండి. ఈ రాత్రికి ఆయాసం పెరిగితే పొద్దుటిదాకా ఆగకండి. అవన్నీ సర్దుకున్నాక ఆయన్ను నా దగ్గరికి తీసుకురా.

(ఒక నర్సింగ్ విద్యార్థిని: వార్డుకు ఒకటి కొని అందరి చేత చేయించవచ్చా?)

మీటరు ఒకటే అందరికీ వాడొచ్చు, కానీ ఒక్కొక్కరికి వేరే ఫిల్టరు, వేరే నోటి ముక్క మార్చాలి. వ్యాయామం చేసే గొట్టం మాత్రం ఎవరిది వాళ్ళకే, పేరు రాసి పెట్టాలి. డయాలసిస్ మనుషులకు టీబీ లాంటి జబ్బులు తొందరగా అంటుకుంటాయి. వాడాక గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టాలి. వేడినీళ్ళలో మరిగిస్తే ప్లాస్టిక్, స్ప్రింగు రెండూ పాడవుతాయి.

(ఒక పెద్దాయన: నేను రోజూ ప్రాణాయామం చేస్తానమ్మా. అది చాలదా?)

చేయండి పెద్దాయనా, మానొద్దు. మనసుకు నెమ్మది, పొట్టతో ఊపిరి తీసే అలవాటు వస్తుంది, అది నా పనిని సులువు చేస్తుంది. అయితే అందులో కొలిచిన బరువు ఉండదు. మీ కండరం నిజంగా బలహీనంగా ఉంటే దానికి బరువు కావాలి. ఊపిరి బిగబట్టే కుంభకం, జోరుగా చేసే కపాలభాతి మాత్రం డయాలసిస్ అయిన రోజు పెట్టుకోకండి, బీపీ తగ్గి ఉంటుంది, తల తిరిగి పడిపోతారు. జేబులో అదేంటి? (నవ్వులు) బీడీ కట్ట కనిపిస్తూనే ఉంది. పొద్దున ప్రాణాయామం, సాయంత్రం బీడీ అంటే నేనూ ఏమీ చేయలేను, ఈ పరికరమూ ఏమీ చేయలేదు.

సరే, బయట వరండాలో టేబుల్ వేసి మీటరు పెట్టాం. వరుసలో రండి, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది. ఈ రోజే డయాలసిస్ అయినవాళ్ళు, ఒళ్ళు బాగా నీరసంగా ఉన్నవాళ్ళు వద్దు, మీకు ఇంకో రోజు చూస్తాను. చెవి, కన్ను ఆపరేషన్ అయినవాళ్ళు నోట్లో గొట్టం పెట్టుకోక ముందే చెప్పండి. మీ డయాలసిస్ పుస్తకంలో చివరి పేజీ మీద ఆ అంకె, తేదీ రాసిస్తాం, వచ్చే సిట్టింగులో డాక్టరుగారికి చూపించండి.